ఇరవై గంటల దూరం

మా మరిది ఉద్యోగం మీద బోస్టన్ వెళ్ళి రెండు నెలలైంది. మా తోటికోడలు వీసా రాక రామంతాపూర్‌లో మా దగ్గరే ఉంది. దానికిప్పుడు మూడో నెల. రోజూ సెల్‌ఫోన్‌లో దూరం చూసుకుని దిగులుపడుతుంది. హైదరాబాద్ నుంచి బోస్టన్‌కు తిన్నగా చూస్తేనే 12,500 కిలోమీటర్ల పైమాట. మధ్యలో విమానం మారి వెళ్తే 20 గంటలు దాటుతుంది.

మొన్న దాన్ని డాక్టరమ్మకు చూపించడానికి తార్నాక తీసుకెళ్ళాను. దారిలో మందుల మీద పరిశోధన చేసే ఐఐసీటీ కనబడింది. వెంటనే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఆయన భార్య శేషగిరి గారు గుర్తొచ్చారు. ఆటోలోనే వాళ్ళ కథ చెప్పాను.

సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నప్పుడు కాశీ వెళ్ళి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు వదిలి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి చదువులో పెట్టారు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసులో వైద్యం చదివారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. 1919లో శేషగిరి గారితో పెళ్ళయింది. మూడేళ్ళకు మామగారి సాయంతో ఓడెక్కి 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు.

అక్కడ పొట్ట గడవడానికి ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగే పని కూడా చేశారు. హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి, ఒంట్లో శక్తికి ఆధారమైన ఏటీపీని 1929లో కండరాల్లో గుర్తించారు. అయినా అక్కడ స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి మారారు. ఆయన ఆధ్వర్యంలో ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారు చేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనికొచ్చింది. బోదకాలుకు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన బృందం నుంచే వచ్చాయి.

ఆయన మాత్రం రాలేదు. మొదట డబ్బు లేదు, తర్వాత పని, ఆ పైన యుద్ధం. ఎయిరిండియా మొదటి విమానం బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరింది 1948 జూన్ 8న. అప్పటికి బోస్టన్ చేరి 26 ఏళ్ళు కావస్తోంది. రెండు నెలలకు, ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన కన్నుమూశారు. శేషగిరి గారు ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఆయన గొప్పతనాన్ని తక్కువ చేయను. కానీ నేను చదివిన పాఠాల్లో ఆవిడ పేరు లేదు. కాశీ దారి నుంచి వెనక్కి తేవడానికి తల్లి ఉంది. సముద్రాలు దాటినవాణ్ణి తేవడం ఎవరి తరమవుతుంది?

డాక్టరమ్మ రాసిన మాత్రలు కొన్నాం. మా తోటికోడలు చీటీ చూసి ఆగిపోయింది. ఫోలిక్ యాసిడ్! రోజూ వేసుకుంటున్నదే. ఆ మాత్ర ఎవరి చలవో దానికి అప్పుడే తెలిసింది. ఆ మందు మన ఊళ్ళకొచ్చింది, మన ఆడపిల్లల ఒంట్లో రక్తం నింపింది. చేసిన మనిషే ఇల్లు చేరలేదు.

ఆ రాత్రి మరిదికి ఫోన్ చేశాను. వీసా వచ్చినా రాకపోయినా పురిటికి టికెట్టు ఇప్పుడే కొనుక్కోమని గట్టిగానే చెప్పాను. పనుందని నసిగాడు. పనెప్పుడూ ఉంటుంది. 20 గంటల దూరం ఒక దూరమా, బయల్దేరే మనసుండాలి గానీ. మర్నాడు టికెట్టు కొన్నానని ఫోన్ వచ్చింది. మా తోటికోడలు ఇప్పుడు కిలోమీటర్లు చూడడం మానేసి, క్యాలెండర్లో రోజులు కొట్టేసుకుంటోంది.