కిర్క్‌పాట్రిక్ దొరయు, ఆయన కట్టించిన యిల్లును

పాపాఘ్ని నది కొండలను చీల్చుకొని పారు గండి ప్రాంతమున మన్రో దొర పేరు విననివారరుదు. ఆయన ఆ కొండల నడుమ బంగారు తోరణమును చూచెననియు, అట్టి దర్శనము మరణసూచకమనియు పెద్దలు చెప్పుచుందురు. ఆయన 1827వ సంవత్సరమున పత్తికొండయొద్ద విషూచి వ్యాధిచే గతించుట చరిత్రము. అయితే మన్రో దొర యీ సీమకు కలెక్టరుగా వచ్చుటకు మూలమైన సంధిని కుదిర్చిన వాని పేరు మన బాలబాలికలలో ననేకు లెరుగరు. అతడే జేమ్సు అకిలీసు కిర్క్‌పాట్రిక్. ఆయన గుణదోషములను తెలిసికొనుటకు సంధిపత్రములకంటె ఆయన కట్టించిన యిల్లే మంచి సాక్షి యని మా యభిప్రాయము. కావున ఆ యింటి మూలముగనే ఆయన జీవితమును చెప్పబూనితిమి.

కిర్క్‌పాట్రిక్ 1764వ సంవత్సరము ఆగష్టు 22వ తేదీన చెన్నపట్టణమున సెంటు జార్జి కోటలో జన్మించెను. తండ్రి కుంఫిణీ సైన్యమున సేనాని. బాల్యమున ఇంగ్లండునకు పంపబడి, అచట విద్య నేర్చి, యౌవనారంభమున మరల వచ్చి చెన్నపట్టణపు సైన్యమున ప్రవేశించెను. ఆయన సవతి యన్న విలియము హైదరాబాదున రెసిడెంటుగా నుండగా తానును అచటికి చేరి, 1798లో ఆ యుద్యోగమును స్వయముగ పొందెను. పారసీక హిందూస్తానీ భాషలను, దర్బారు మర్యాదలను చక్కగా నెరిగినవాడగుటచే నైజాము ప్రభువునకు ప్రీతిపాత్రుడాయెను. ఆ సంవత్సరముననే ఫ్రెంచి సేనానుల చేతిక్రింద నున్న నైజాము పటాలములు రక్తపాతము లేకయే ఆయుధములను విడిచెను. నిజామలీ ఖాను ఆయనకు హష్మత్ జంగు అను బిరుదు నొసగెను.

1800వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన జరిగిన సంధి మనకు ముఖ్యమైనది. కుంఫిణీ సైన్యమును పోషించు వ్యయమునకై, నైజాము తనకు 1792, 1799 సంవత్సరములలో మైసూరు రాజ్యమునుండి లభించిన భూములను కుంఫిణీకి విడిచిపెట్టెను. ఇవియే దత్తమండలములు. కడప, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, గండి మొదలగునవన్నియు ఈ పత్రముతో చేతులు మారినవి. ఇచటి రైతుల నెవ్వరును అడిగినవారు లేరు.

ఇక యింటి సంగతి. హైదరాబాదున మూసీ నది కుత్తరపు దరిని రెసిడెంటుయొక్క నివాసము ఒక తోటలో నుండెను. అందలి పాత బంగళాలు చాలకపోగా, కిర్క్‌పాట్రిక్ క్రొత్త సౌధమును నిర్మింప తలపెట్టెను. అందులకు నైజాముయొక్క యనుమతి కావలెను. ఈ సందర్భమున జరిగిన కథ నొకదానిని మాల్కం దొర వ్రాసియున్నాడు. కిర్క్‌పాట్రిక్ తనకు కావలసిన సుమారు 60 ఎకరముల భూమిని పెద్ద కాగితముపై పటముగా గీయించి ప్రభువునకు సమర్పింపగా, ఆయన గంభీరముగ చూచి, ఇయ్య వలనుపడదనెనట. రెసిడెంటు చిన్నబోయి వచ్చుచుండగా, దర్బారున అనుభవజ్ఞుడగు ఒక యధికారి నవ్వి, ఆ పటము ప్రభువుయొక్క రాజ్యపటమంత యుండుటచే ఆయన భయపడెననియు, దానిని చిన్నదిగా గీయించి తెమ్మనియు బోధించెనట. అట్లే చిన్న కాగితపు ముక్కపై గీయించి తేగా, నైజాము వెంటనే సమ్మతించెనని కథ.

చదువరులారా! ఈ కథ విని నవ్వుట సులభము. కాని తలచి చూడుడు. ఇన్ని సీమలను సంధిపత్రముపై విడిచిపెట్టిన ప్రభువు ఒక తోట పటము పెద్దదిగా కనబడినంతనే జంకెను. కాగితముపై గీత వేరు, దాని క్రింద నుండు నేల వేరు. పటమును చూచి నేలను గ్రహింపగల దృష్టి రాజునకైనను, రైతునకైనను, ఇల్లు కట్టుకొను గృహస్థునకైనను అవసరము. గది కొలతలు తెలియక పటముపై సంతకము చేసి, గోడలు లేచిన పిదప ఇరుకైనదని విచారించువారు నేటికిని లేకపోలేదు.

సౌధమునకు రూపకల్పన చేసినవాడు మద్రాసు ఇంజినీరుల దళమునకు చెందిన లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెలు. 1803 ప్రాంతమున పని ప్రారంభమాయెను. వ్యయమును నైజామే భరించెను. ఉత్తరముఖమున ఆరు ఉన్నతమైన కొరింథియను స్తంభములు, వెడల్పైన మెట్లు, వానికిరుప్రక్కల సింహములు, లోపల రెండంతస్తుల యెత్తుగల దర్బారు శాల ఏర్పడెను. ఆకృతి ఐరోపా ఖండమునుండి వచ్చినది. రాయి, సున్నము, పనివారి నైపుణ్యము మాత్రము ఈ దేశమువి. యజమాని కోరికయు, శిల్పి లెక్కయు, పనివాని చేయియు కలిసినగాని ఇల్లు నిలువదు.

ఆ యింటిలో మరియొక భాగము కలదు. కిర్క్‌పాట్రిక్ హైదరాబాదు ప్రభువంశములలో నొకదానికి చెందిన ఖైరున్నీసా బేగమును ఇస్లాము విధిచొప్పున వివాహమాడెను. దీనికై గవర్నరు జనరలగు వెల్లెస్లీ కోపించి విచారణ జరిపించెను. ఉద్యోగము పోవు నపాయము తటస్థించెను. అయినను ఆయన ఆమెను విడువలేదు. బేగమునకై తోటలో ఈ దేశపు రీతిని రంగమహలను అంతఃపురమును కట్టించెను. ఘోషాలో నుండు ఆమె సౌధపు ముందువైపునకు వచ్చి దానిని చూడజాలదు గనుక, ఆ సౌధమువంటి చిన్న నమూనాను అంతఃపురపు తోటలో నిర్మింపజేసెనని ప్రతీతి. ఇంట కాపురముండు వారికి ఆ యింటిని ముందుగా చూపవలెనను బుద్ధి మెచ్చదగినది. దత్తమండలముల ప్రజలకు వారి సీమ భవిష్యత్తును చూపని యాతడే తన భార్యకు ఆమె యింటిని చూపగోరెను. మనుష్యుని ప్రేమ ఇంటిగోడల లోపల నొకరీతిగను, రాజకార్యమున మరియొకరీతిగను ఉండుట విచారకరము.

ఆ సౌధమున సుఖించు భాగ్య మాయనకు లేకపోయెను. 1805లో తన కుమారుని, కుమార్తెను విద్యకై ఇంగ్లండునకు పంపవలసివచ్చెను. ప్రయాణమునకు ముందు చిన్నరీ యను చిత్రకారుడు చెన్నపట్టణమున ఆ పిల్లల చిత్రమును వ్రాసెను. కిర్క్‌పాట్రిక్ రోగపీడితుడై కలకత్తా చేరి, ఆ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన 41 సంవత్సరముల వయస్సున కన్నుమూసెను. అప్పటికి సౌధమింకను పూర్తి కాలేదు. బేగము బిడ్డలను మరల చూడకయే 1813లో మరణించెను. కుమార్తె కిట్టీ పెరిగి పెద్దదై, బహుకాలమునకు అమ్మమ్మతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను.

ఇల్లు మాత్రము నిలిచెను. 1857లో తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లావుద్దీను మొదలగువారు ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడి దానినే ముట్టడించిరి. 1947 వరకు అది రెసిడెంట్ల నివాసము. 1949 మొదలుకొని కోఠీ మహిళా కళాశాల అచట నడచినది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయము. కాలక్రమమున కప్పులు కారి, గచ్చు రాలి, శిథిలమగుచున్న సౌధమును నిపుణులు పలుసంవత్సరములు శ్రమించి బాగుచేయగా, 2023లో మరల తెరువబడెను. క్రొత్తది కట్టుటకంటె పాతదానిని చెడకుండ బాగుచేయుట కష్టము. మొదటి శిల్పి మనస్సును గ్రహించి, సున్నమునకు సున్నమే, కొయ్యకు కొయ్యయే కూర్చవలెను.

బాలికలారా! ఒకప్పుడు ఆ యింటి యిల్లాలు నమూనాలో మాత్రమే చూచెనని చెప్పబడు ఆ ముఖద్వారపు మెట్లను నేడు మీ యక్కలు పుస్తకములు చేతబట్టి యెక్కుచున్నారు. బాలురారా! మీరు పెద్దవారై ఇంజినీర్లయినను, అధికారులైనను, స్వంత యిల్లు కట్టుకొన్నను, పటమును గీయుటకు ముందు ఆ నేలపై నివసించువారి నడుగుడు.