నెట్టీ స్టీవెన్స్ - పిండిపురుగులో కనిపించిన చిన్న క్రోమోజోము

వరుసగా ముగ్గురు ఆడపిల్లలు పుడితే కోడల్ని ఆడిపోసుకోవడం మన ఊళ్ళల్లో ఇప్పటికీ పోలేదు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి బీజకణమేనని చెప్పడానికి కావలసిన ఆధారం 1905లోనే సూక్ష్మదర్శిని కింద దొరికింది. దాన్ని చూపించిన మనిషి నెట్టీ మరియా స్టీవెన్స్. లింగ నిర్ధారణ పాఠం చదివిన మనం మోర్గాన్ పేరు చెప్పినంత తేలిగ్గా ఆమె పేరు చెప్పం. కొన్ని జబ్బులు ఆడవాళ్ళనే ఎందుకు వెతుక్కుంటూ వస్తాయి, మరికొన్ని మగపిల్లల్నే ఎందుకు పట్టుకుంటాయి అన్న ప్రశ్నకి ఈనాడు దొరుకుతున్న జవాబులకు కూడా మూలం ఆమె పనిలో ఉంది. అందుకే ఆమె కథ కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

నెట్టీ 1861 జూలై 7న అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని కేవెండిష్ అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి వడ్రంగి. పసితనంలోనే తల్లి పోయింది. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుని మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫర్డ్‌కి కాపురం మార్చాడు. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకి టీచరు ఉద్యోగం తప్ప ఇంకో దారి దాదాపు లేదు. 1880లో స్కూలు చదువు ముగించి ఆమే పాఠాలు చెప్పింది. తర్వాత వెస్ట్‌ఫీల్డ్ నార్మల్ స్కూల్లో చేరి నాలుగేళ్ళ కోర్సు రెండేళ్ళలో పూర్తిచేసింది. మళ్ళీ ఉద్యోగం. కొన్నాళ్ళు టీచరు, కొన్నాళ్ళు లైబ్రేరియను. ఇలా పదమూడేళ్ళు.

1896లో, కూడబెట్టిన జీతం డబ్బుతో, దేశం ఆ చివరనున్న కాలిఫోర్నియాకి పోయి స్టాన్‌ఫర్డ్ యూనివర్శిటీలో డిగ్రీలో చేరింది. అప్పటికి ఆమె వయసు 35. మన వైపైతే ఆ వయసుకి పిల్లల పెళ్ళిళ్ళ గురించి మాట్లాడుకునేవాళ్ళు కూడా ఉంటారు! 1899లో బి.ఏ., 1900లో ఎం.ఏ. అక్కణ్ణించి పెన్సిల్వేనియాలో ఆడవాళ్ళ కాలేజీ అయిన బ్రిన్ మార్‌లో పరిశోధనకు చేరింది. మోర్గాన్ అప్పుడు అక్కడే ప్రొఫెసరు. మధ్యలో ఇటలీలోని నేపుల్స్‌లోనూ, జర్మనీలో బొవేరి అనే గొప్ప కణశాస్త్రజ్ఞుడి దగ్గరా పనిచేసి వచ్చింది. 1903లో డాక్టరేటు చేతికొచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. చివరికి కార్నెగీ సంస్థ ఇచ్చిన గ్రాంటుతో పని సాగింది.

అప్పటికి మెండెల్ సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చి అయిదేళ్ళయింది. అయినా ఆడా మగా సంగతి మాత్రం తేలలేదు. తల్లి తిన్న తిండిని బట్టి, వేడిని బట్టి ఉంటుందని పేరున్న శాస్త్రజ్ఞులే నమ్మేవారు. 1891లో హెంకింగ్ అనే జర్మన్ ఒక పురుగు బీజకణాల్లో జత దొరకని ముక్కని చూసి, అదేమిటో అంతుబట్టక ఎక్స్ అని పేరుపెట్టాడు. మెక్లంగ్ అనే ఆయన 1901 ప్రాంతంలో ఆ ముక్కకీ లింగానికీ సంబంధం ఉందన్నాడు గానీ, అది మగపిల్లనిస్తుందని తలకిందులుగా చెప్పాడు.

స్టీవెన్స్ ఎంచుకున్నది టెనిబ్రియో. పాతబడ్డ పిండిలో, తవుడులో బతికే నల్లటి పెంకుపురుగు. మా గాదెలో ఇలాంటివి కనపడితే ఎండలో పోసి, చేటతో చెరిగి పారేస్తాం. ఆమె వాటిని పెంచి, బీజకోశాలు తీసి, మైనంలో పోసి, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది, ఒక్కొక్క కణంలో క్రోమోజోములు లెక్కబెట్టింది. ఆడపురుగు కణాల్లో 20 క్రోమోజోములు, అన్నీ పెద్దవే. మగపురుగులోనూ 20, కాని 19 పెద్దవి, ఒకటి బాగా చిన్నది. మరి శుక్రకణాలు? సగం వాటిలో పది పెద్దవే. మిగతా సగంలో తొమ్మిది పెద్దవీ, ఆ చిన్నదొకటీ. అండాలన్నీ ఒక్క తీరే. కాబట్టి చిన్నది మోసుకొచ్చిన శుక్రకణం అండంలో కలిస్తే మగ, పెద్దవే ఉన్నది కలిస్తే ఆడ. ఆ చిన్నదాన్నే తర్వాత వై అన్నారు. (పక్షుల్లో, పట్టుపురుగుల్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ పిల్ల లింగాన్ని తేల్చేది తల్లే.)

అదే ఏడు కొలంబియా యూనివర్శిటీలో విల్సన్ కూడా వేరే పురుగుల మీద దాదాపు ఇదే సంగతి ప్రకటించాడు. విల్సన్ పెద్ద ప్రొఫెసరు, ఈమె గ్రాంటు మీద బతుకుతున్న ఆడమనిషి. క్రోమోజోములే లింగాన్ని నిర్ణయిస్తాయన్న మాట ఈమె అతనికన్నా గట్టిగా చెప్పింది. మోర్గానైతే 1910లో తెల్లకళ్ళ ఈగ దొరికేదాకా ఈ వాదాన్ని నమ్మనేలేదు. 1933లో నోబెల్ బహుమతి మాత్రం మోర్గాన్‌కే వచ్చింది. అతని గొప్పతనం నేను కాదనను. కాని పాఠ్యపుస్తకంలో ఆమెకు ఒక్క వాక్యమన్నా ఉండొద్దా?

బ్రిన్ మార్ కాలేజీ ఆమె కోసం ప్రత్యేకంగా పరిశోధనా ప్రొఫెసరు పదవి ఏర్పాటుచేసింది. ఆమె దాంట్లో చేరలేకపోయింది. రొమ్ము కాన్సరుతో 1912 మే 4న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కన్నుమూసింది. యాభై ఒకటి నిండలేదు. పరిశోధన చేసిన కాలమంతా కలిపి పన్నెండేళ్ళ చిల్లర.

ఆ పెద్ద క్రోమోజోములో ఏముందో ఆమెకి తెలిసే అవకాశం లేదు. ఎక్స్‌లో 800 పైచిలుకు జన్యువులున్నాయి, వైలో వంద అటూ ఇటూ. ఎక్స్ మీద ఉన్నవాటిలో రోగనిరోధక శక్తికి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. మగవాడికి అవి ఒక్కొక్క ప్రతే. అది చెడిందా, మారు లేదు. 1952లో అమెరికన్ సైనిక వైద్యుడు బ్రూటన్ దగ్గరికి ఎనిమిదేళ్ళ పిల్లవాడు వచ్చాడు. మాటిమాటికీ రక్తానికి క్రిములు పాకడమే వాడి జబ్బు. చూస్తే రక్తంలో గామా గ్లోబులిన్ లేదు, అంటే క్రిముల్ని పట్టే ప్రతిరక్షకాలు లేవు. ఈ జబ్బు దాదాపు మగపిల్లలకే వస్తుంది. ఆ జన్యువు ఎక్స్ మీదే ఉందని, ఫలానాదని 1993లో తేలింది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు నెదర్లాండ్స్‌లో రెండు కుటుంబాల్లో ఇద్దరేసి అన్నదమ్ములు, ఏ జబ్బూ లేని కుర్రవాళ్ళు, ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. ఒకరు పోయారు కూడా. నలుగురిలోనూ వైరస్‌ని పసిగట్టే టి.ఎల్.ఆర్.7 అనే జన్యువు చెడిపోయి ఉంది. అదీ ఎక్స్ మీదిదే.

ఆడవాళ్ళకు రెండు ఎక్స్‌లు. ప్రతి కణంలో ఒకటి మూతపడుతుందని 1961లో మేరీ లయన్ చెప్పింది. కొన్ని కణాల్లో తల్లి ఇచ్చింది పనిచేస్తే కొన్నింటిలో తండ్రి ఇచ్చింది పనిచేస్తుంది. రెండురకాల విత్తనం కలిపి చల్లిన చేను లాగన్నమాట. ఒక రకానికి తెగులొచ్చినా రెండోది నిలుస్తుంది. అయితే మూత పూర్తిగా పడదు. టి.ఎల్.ఆర్.7 లాంటివి కొన్ని కణాల్లో రెండు ప్రతులూ పనిచేస్తాయి. వైరస్ వచ్చినప్పుడు అది లాభమే. కాని కాపలా మరీ ఎక్కువైతే సొంత శరీరాన్నే కరుస్తుంది. లూపస్ రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్ళే. హార్మోన్ల పాత్రా ఉంది గానీ అదొక్కటే కాదు. రెండు ఎక్స్‌లూ ఒక వై తో పుట్టిన మగవాళ్ళకి లూపస్ వచ్చే అవకాశం మిగతా మగవాళ్ళకన్నా సుమారు 14 రెట్లని 2008లో లెక్కతేల్చారు.

స్టీవెన్స్ ముప్పై అయిదో ఏట చేరిన ఆ స్టాన్‌ఫర్డ్‌లోనే 2024లో ఇంకో సంగతి బయటపడింది. రెండో ఎక్స్‌ని మూసే పని జిస్ట్ అనే ఆర్.ఎన్.ఏ.ది. దాన్ని అంటిపెట్టుకునే ప్రోటీన్లనే శరీరం శత్రువులనుకుని ప్రతిరక్షకాలు తయారుచేస్తోందట. జిస్ట్‌ని మగ ఎలుకల్లో పెట్టి, జబ్బు రేపే మందు ఎక్కించి చూశారు. మగ ఎలుకలకీ ఆడ ఎలుకలకి వచ్చినంతగా లూపస్ లాంటి జబ్బు వచ్చింది.