పాతికేళ్లకే ప్రధాని పదవి వదిలేసి...

చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ ట్రంప్ కార్డులు ఆడారా? ఆడే ఉంటారు. ఎన్ని ప్యాకెట్లు కొన్నా రాని ఒక్క కార్డు కోసం పక్క క్లాసు వాడికి నాలుగైదు కార్డులు ఇచ్చేసి కూడా ఉంటారు. అమెరికాలో ఇదే పిచ్చి బేస్‌బాల్ కార్డుల మీద. 1909 ప్రాంతంలో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లు పలికింది. అట్టముక్కకి అంతా అని నవ్వకండి. సికింద్రాబాద్‌లో బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, మూసీ దాటితే చాలు. ఆ పిచ్చి మన ఊళ్లో ఒక మనిషిని ఎంతదూరం తీసుకెళ్లిందో కనిపిస్తుంది.

ఆయన మీర్ యూసుఫ్ అలీ ఖాన్. మూడో సాలార్ జంగ్ అంటే గుర్తుపడతారు. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. నెల తిరక్కుండానే తండ్రి పోయారు. తాత మొదటి సాలార్ జంగ్ ముప్పై ఏళ్లు నిజాం దగ్గర దివాన్‌గా, అంటే ప్రధానిగా చేసినవాడు. తండ్రీ దివానే. కాబట్టి ఈయనకు ప్లేస్‌మెంట్ టెన్షన్ లేదన్నమాట! 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పిలిచి అదే కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి ఈయనకి నిండా పాతికేళ్లు లేవు. 1914 నవంబరులో రాజీనామా చేసి బయటికొచ్చేశారు. ఆ తర్వాత చనిపోయేదాకా, దాదాపు 35 ఏళ్లు, చేసిన పని ఒక్కటే: అరుదైన వస్తువు ఎక్కడుందో కనిపెట్టడం, దాన్ని ఇంటికి తెచ్చుకోవడం.

ఇంటర్నెట్ లేని రోజుల్లో ఎలా కనిపెట్టేవారు? ఇక్కడే నాకు ఆయన నచ్చుతారు. విదేశాల్లో ఏజెంట్లను పెట్టుకున్నారు. పేరున్న పురావస్తు వ్యాపారుల దగ్గర కొత్తగా ఏమొచ్చిందో వాళ్లు కేటలాగులు, జాబితాలు పంపేవారు. ఈ సంగతి పాకిపోయి, అమ్మేవాళ్లే దివాన్ దేవిడీ గుమ్మం ముందు క్యూ కట్టారు. అది చాలక యూరప్‌కీ పశ్చిమాసియాకీ తనే వెళ్లి కొనుక్కొచ్చారు. మన నోటిఫికేషన్లు, అలర్టులు చేసే పనంతా ఆయన మనుషులతో, ఉత్తరాలతో నడిపించారు.

కార్డుల లోకంలో ఒక సూత్రం ఉంది. వస్తువు ఒక్కటే చాలదు, అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలిస్తేనే విలువ. మ్యూజియంలో ఒక ఖురాన్ ప్రతి ఉంది. 13వ శతాబ్దపు ప్రసిద్ధ లేఖకుడు యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతిరాత అది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబు ముగ్గురి సంతకాలూ ముద్రలూ ఉన్నాయి. మూడు తరాల మొఘల్ చక్రవర్తుల ఆటోగ్రాఫులు ఒకేచోట! నూర్జహాన్ బాకు, షాజహాన్ విలువిద్యలో బొటనవేలికి తొడుక్కున్న జేడ్ ఉంగరం కూడా అక్కడే చూడొచ్చు. అందరూ ఎగబడి ఫొటోలు తీసుకునే ముసుగు రెబెక్కాను మాత్రం ఈయన ఖాతాలో వేయకండి. దాన్ని 1876లో రోమ్‌లో కొన్నది తాత.

ఇదంతా చదివి మీకు నచ్చిన పని కోసం రేపే ఉద్యోగం మానేయండి అని చెప్పబోతున్నానేమో అనుకోకండి. ఆయన వెనక జాగీరు ఆదాయం ఉంది, ఊళ్లకు ఊళ్లు ఉన్నాయి. ఆ డబ్బు రైతుల నుంచే వచ్చింది. మన వెనక ఎడ్యుకేషన్ లోను ఉంటుంది. ఆ తేడా మర్చిపోయి ఈ కథ చెప్పడం మోసం.

అసలు గండం ఆయన పోయాక వచ్చింది. 1949 మార్చి 2న కన్నుమూశారు. పెళ్లి చేసుకోలేదు, నేరుగా వారసులు లేరు. వేల వస్తువులు వేర్వేరు భవనాల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ వేలానికి వెళ్లిపోయి ఉంటే, 35 ఏళ్లు పోగేసిందంతా మళ్లీ ప్రపంచమంతా చెదిరిపోయేది. ప్రభుత్వం ఎస్టేట్ కమిటీ వేసింది. అప్పటి పాలనాధికారి ఎం.కె. వెల్లోడికి వీటన్నిటితో మ్యూజియం పెట్టాలనిపించింది. కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిపించి అన్నిటినీ ఒక క్రమంలో పెట్టించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ దాన్ని ప్రారంభించారు. కుటుంబ సభ్యులు ఒప్పుకుని, హైకోర్టు డిక్రీతో రాజీ ఒప్పందం కుదిరాక 1958లో కేంద్రం తీసుకుంది. 1961లో పార్లమెంటు చట్టం వచ్చింది. 1968లో ఇప్పుడున్న భవనంలోకి మారింది.

కొన్న మనిషి పేరే బోర్డు మీద ఉంటుంది. కానీ ఆ గుట్టల ముందు కూర్చుని ఏది ఏ కాలానిది, ఏది దేని పక్కన ఉండాలి అని తేల్చినవాళ్లది కూడా ఉద్యోగమే. కేటలాగింగ్, కన్జర్వేషన్, రాతప్రతుల డిజిటైజేషన్ లాంటి పనులు మన కోడింగ్ బ్యాచ్‌లలో ఎవరికీ తట్టవు. నాకూ తట్టలేదు, ఆ గ్యాలరీల్లో తిరిగేదాకా.

వెళితే గంట కొట్టే టైముకి పది నిమిషాల ముందే కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు చోటు పట్టుకోండి. గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. అందరూ దానికోసమే మెడ చాచి చూస్తుంటారు. ఆ పక్కనే సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూ ఇంకో కమ్మరి బొమ్మ ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. అన్నట్టు, శుక్రవారం వెళ్లకండి. ఆ రోజు మ్యూజియంకు సెలవు.