శిష్యుల ఎదుట ముద్దాయి: యానుష్ కోర్చాక్

తన శిష్యుల న్యాయస్థానంలో ముద్దాయిగా నిలబడడానికి అంగీకరించిన గురువులు చరిత్రలో బహు అరుదు. పోలండు దేశీయుడైన యానుష్ కోర్చాక్ అట్టివారిలో ఒకరు. ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిత్. 1878లోనో 1879లోనో వార్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించారు. నాడు ఆ ప్రాంతం రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. బడిలో తోటి బాలుణ్ణి బెత్తంతో దండించగా చూచి పొందిన భీతిని ఆయన జీవితాంతం మరువలేదు.

వైద్యవిద్య అభ్యసిస్తూనే పేదవాడలలో సంచరించి, దిక్కులేని పిల్లల బ్రతుకులను ఇతివృత్తంగా గ్రహించి 1901లో ‘వీధి బాలలు’ అనే నవల వెలువరించారు. 1905లో వైద్యపట్టా పొంది పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. పేరు, ఆదాయం రెండూ లభిస్తున్న దశలో, 1912లో క్రొఖ్మాల్నా వీధిలోని యూదు అనాథ బాలల ఆశ్రమ బాధ్యత స్వీకరించారు. స్తెఫానియా విల్చిన్‌స్కా అనే విదుషి ఆయనకు కుడిభుజంగా నిలిచారు.

ఆశ్రమంలో పిల్లలకొక న్యాయస్థానం ఏర్పడింది. ఫిర్యాదు చేయదలచినవారు పేరు వ్రాసి ఇస్తే చాలు. ఆ వారం తమపై ఏ అభియోగమూ లేని పిల్లల నుండి చీట్లు తీసి ఐదుగురు న్యాయమూర్తులను ఎంపిక చేసేవారు. శిక్షాస్మృతిలోని మొదటి 99 నిబంధనలూ క్షమించి విడిచిపుచ్చేవే! చిట్టచివరి 1000వ నిబంధన ఆశ్రమం నుండి పంపివేత. దానికి గురైన బాలుడు సైతం మూడు నెలల తరువాత తిరిగి చేరడానికి అర్జీ పెట్టుకోవచ్చును.

పెద్దలపైనా ఫిర్యాదు చేసే హక్కు పిల్లలకుండేది. బెత్తం దెబ్బల నడుమ ఎక్కాలు వల్లించిన మన తరంవారికి ఇది వింతగా తోచవచ్చు. ఆరు మాసాలలో కోర్చాక్ పైనే ఐదు అభియోగాలు వచ్చాయి. ఒకటి ఒక బాలునిపై చేయిచేసుకున్నందుకు, మరొకటి ఒక బాలికను దొంగతనం విషయమై అనుమానించినందుకు. ఆయన తన సంజాయిషీని వ్రాతపూర్వకంగా సమర్పించుకున్నారు. పెద్దల ప్రేమ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు ఉండదో తెలియదు గనుక పిల్లలకు రక్ష ప్రేమ కాదు, చట్టమే అని ఆయన అనుభవంతో గ్రహించారు.

1926లో పిల్లలే వ్రాసే వారపత్రికను ఒక దినపత్రికకు అనుబంధంగా ప్రారంభించారు. దేశం నలుమూలల నుండి పిల్లలు తమ గోడును లేఖలుగా పంపేవారు. 1939లో యుద్ధంతో అది నిలిచిపోయింది.

1940లో నాజీలు ఆశ్రమాన్ని ఘెట్టో గోడల లోపలికి తరలించారు. 1942 జూలై 18న ఆ పిల్లలు మన రవీంద్రుని ‘డాక్‌ఘర్’ నాటకం ప్రదర్శించారు. మరి మూడు వారాలైనా గడవకముందే, ఆగస్టు మొదటివారంలో, సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరానికి పంపే రైలు వద్దకు నడిపించారు. తాను తప్పించుకునే అవకాశాలు వచ్చినా త్రోసిపుచ్చిన కోర్చాక్, స్తెఫానియాతో సహా వారి వెంట నడిచారు.