మూకీ అన్న మాట పుట్టకముందు: రఘుపతి వెంకయ్య

ఇప్పుడు ఫిల్మ్ నగర్‌లో ఫిల్మ్ దాదాపు కనిపించదు, అంతా డిజిటలే. పేరు మాత్రం అలాగే ఉంది. రీలుకు పెట్టిన పేరు సినిమా మొత్తానికి పాకింది. నువ్వుల నుంచి తీసినదాన్నే ఒకప్పుడు నూనె అనేవాళ్లు, ఇప్పుడు పల్లీదీ నూనే, కొబ్బరిదీ నూనే. భాషాశాస్త్రంలో దీన్ని అర్థవ్యాకోచం అంటారు. ఆ పేట తన పితామహుడిగా చెప్పుకునే రఘుపతి వెంకయ్య గారి జీవితం చదువుతుంటే, నాకు దీని తిరగేసిన కథ కనిపించింది.

ఆయనది బందరు. మద్రాసులో ఫొటో స్టూడియో నడిపారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొన్నారు. తెర మీద బొమ్మ కదులుతుంటే, పక్కన గ్రామఫోన్ రికార్డు దానికి తగ్గ శబ్దం వినిపించేది. అంటే టాకీలు రావడానికి ఇరవై ఏళ్ల ముందే ఆయన జనానికి మాట్లాడే బొమ్మ చూపించారన్నమాట! తర్వాత మద్రాసులోనే గెయిటీ, క్రౌన్, గ్లోబ్ థియేటర్లు కట్టారు. కొడుకు ప్రకాశ్‌ని సినిమా పని నేర్చుకోడానికి విదేశాలకు పంపారు. 1921లో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పెట్టి, ప్రకాశ్ దర్శకత్వంలో 'భీష్మ ప్రతిజ్ఞ' తీశారు.

అప్పుడు దాన్ని మూకీ అనాల్సిన పనే లేదు. సినిమా అంటే అదే కదా. 1931లో 'ఆలం ఆరా', 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చాక టాకీని వేరుగా చెప్పాల్సొచ్చింది, దాంతో పాతదానికీ ఒక పేరు కావాల్సొచ్చింది. మన ప్రోగ్రామింగ్ క్లాసులో బేస్ క్లాస్ ముందు, సబ్‌క్లాసులు తర్వాత. ఇక్కడా అంతే, కాకపోతే రెండో సబ్‌క్లాసే బేస్ క్లాస్ పేరు కొట్టేసింది! ఇవాళ ఉత్త సినిమా అంటే మాటలున్నదే. ఒకప్పుడు ఏ బట్టకైనా చెల్లిన చీర అనే మాట ఆడవాళ్లు కట్టుకునేదానికే మిగిలినట్టు, ఇది అర్థసంకోచం. వెంకయ్య గారు తీసినదానికి మాత్రం ముందొక విశేషణం తగిలించాలి.

ఇంతకీ అది తెలుగు సినిమాయేనా? పాత్రలు నోరు విప్పవు. మధ్యలో వచ్చే అక్షరాల కార్డులు మారిస్తే ఏ ఊళ్లోనైనా ఆడుతుంది. తమిళ సినిమా చరిత్ర రాసినవాళ్లూ ప్రకాశ్‌ని వదలరు. నన్నడిగితే, అది ముందు సినిమా. తెలుగు, తమిళం అన్న గదులు తర్వాత కట్టుకున్నవి.

వెంకయ్య గారు 1941లో పోయారు. తెలుగు సినిమాకి జీవితమంతా సేవ చేసినవాళ్లకు 1980 నుంచి ఇస్తూ వచ్చిన అవార్డు ఆయన పేరుమీదే ఉంది.