డోర్నకల్ బిషప్ అజరయ్యగారు

కాజీపేట మీదుగా కొత్తగూడెం వెళ్ళివచ్చిన మన సభ్యులందరికీ డోర్నకల్ జంక్షన్ పరిచయమే. ఇల్లందు బొగ్గు కోసం వేసిన రైలు మార్గం విడిపోయేది అక్కడే. బొగ్గు వల్ల తెలిసిన ఆ చిన్న ఊరికి ప్రపంచ క్రైస్తవ చరిత్రలో చోటు దక్కింది మాత్రం ఒక మనిషి వల్ల. ఆయన తెలుగువాడు కూడా కాదు.

వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి జిల్లా వెల్లాలన్విళైలో ఒక పాస్టరుగారి ఇంట జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని డిగ్రీ చేతికి రాలేదు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాదంతా తిరిగారు. మంచి వక్త, విదేశాలలో పరిచయాలున్నవారు. ఆ ఉద్యోగంలోనే ఉండి ఉంటే సుఖంగానే గడిచిపోయేది.

1902లో జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో వేరే ప్రాంతాలకు బోధకులను పంపుతున్న సంగతి తెలిసింది. అంతకన్నా పాత సంఘమైన తిరునల్వేలి ఆ పని చేయడం లేదని ఆయన మనసు కలతపడింది. మరుసటి ఏడు, 1903లో, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. అది ఎంచుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

ఇతరులను పొమ్మని చెప్పి తాను మద్రాసులో ఉండడం ఆయనకు సరి అనిపించలేదు. 1909లో, ముప్పై అయిదేళ్ళ వయసులో, పెద్ద ఉద్యోగం వదులుకుని భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. అక్షరాలతో మొదలుపెట్టి తెలుగు నేర్చుకున్నారు. భార్య అన్బు మరియమ్మాళ్ గారు ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివినవారు. ఆమె పల్లె స్త్రీల మధ్య, ఆడపిల్లల చదువు కోసం చేసిన సేవ తక్కువది కాదు.

1910లో ఎడిన్‌బరో మహాసభలో ఆయన ఒక మాట నిర్మొహమాటంగా చెప్పారు. తెల్ల మిషనరీలు సేవలు చేస్తున్నారు, త్యాగాలు చేస్తున్నారు గాని భారతీయులను స్నేహితులుగా చూడడం లేదని ఆ మాటల సారాంశం. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. భారతీయుణ్ణి బిషప్పుగా చేయడానికి కూడా మిషనరీలలోనే కొందరు అడ్డుచెప్పారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదటిసారి.

పదవి వచ్చాక కూడా ఎద్దుబండి మీద పల్లెలు తిరగడం మానలేదు. సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కులాల పేదలు. చేరిన తరువాత కూడా ఆ రెండు కులాల మధ్య ఎడం పోలేదు. ఒకే బల్ల దగ్గర సంస్కారం తీసుకోవాలని ఆయన పట్టుపట్టారు. తాగుడు మానమన్నారు, పిల్లలను బడికి పంపమన్నారు. వారి నడవడిలో వచ్చిన మార్పు చూసి తరువాతి కాలంలో ఇతర కులాలవారు కూడా కొందరు చేరారు. సంఘం లక్షల్లోకి పెరిగింది.

ఆయన పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది పిడికెడు బియ్యం. కూలి చేసుకునే ఇల్లాలు పొయ్యి మీదకు ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేది. నిండితే గుడికి ఇచ్చేది. పేదలను అడగడం ఏమిటని అనుకునేవారు అప్పుడూ ఉన్నారు. తరతరాలుగా ఇతరులు పెడితే తిన్నవారు తామూ ఇవ్వగలమని తెలుసుకోవడమే ఆయన కోరినది.

అందరికీ ఆయన మార్గం నచ్చలేదు. మతమార్పిడి విషయంలో గాంధీజీకీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం ఉండేది. ఇద్దరూ తమ తమ మాట మీదనే నిలిచారు.

డోర్నకల్ కెథెడ్రల్ పూర్తికావడానికి చాలా ఏళ్ళు పట్టింది. గుమ్మటాలు, మినార్లు, దక్షిణాది గుళ్ళలోని స్తంభాలు కలిపి కట్టించారు. ఈ దేశపు ప్రార్థనాస్థలం ఈ దేశపు కట్టడంలా ఉండాలని ఆయన కోరిక. 1939 జనవరి 6న దానికి ప్రతిష్ఠ జరిగింది.

1919 తరంగంబాడి సమావేశం నుంచి వేర్వేరు ప్రొటెస్టెంట్ సంఘాలను ఒకటి చేయాలని పాటుపడ్డారు. ఆ ఐక్యత కళ్ళారా చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. మన ప్రాంతపు కరీంనగర్ డయోసిస్ ఆ తరువాత డోర్నకల్ నుంచి విడివడినదే.