రెండువేల రూపాయల కారు

జి.డి. నాయుడుగారి పేరు చెబితే మన విద్యార్థుల్లో చాలామంది ఆయన ఏ సినిమా ప్రొడ్యూసరో, ఏ పాతకాలపు మంత్రిగారో అనుకుంటారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. కోయంబత్తూరు ప్రాంతంలో పుట్టి అక్కడే కన్నుమూసిన ఆ తెలుగువాణ్ణి తమిళులు నెత్తిన పెట్టుకున్నంతగా మనం పట్టించుకోలేదు. ఈ సంవత్సరం సావనీరుకు ఏదైనా రాసిమ్మని యూనియన్ కుర్రాళ్ళు అడిగినప్పుడు, తయారై కూడా బజారుకెక్కని ఒక కారు గురించి రాస్తానన్నాను. మెకానికల్ మేష్టారు కారు గురించి రాయక కవిత్వం గురించి రాస్తాడా అని నవ్వుకున్నారు కాబోలు. అయితే ఆ కారు సంగతి చెప్పాలంటే ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూళ్ళో రైతు కుటుంబంలో పుట్టారు. శతాబ్దాల కిందట అటువైపు వలసపోయి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వారిదొకటి. పసితనంలోనే తల్లి పోయింది. చదువు ప్రాథమిక పాఠశాల దాటలేదు. బడి అంటేనే ఆయనకు గిట్టేది కాదు. అట్లాగని బుర్ర ఖాళీగా ఉంచుకున్న మనిషీ కాదు. దొరికిన పుస్తకమల్లా చదివేవారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిలు. ఆ పల్లె దారిన ఒక దొర రడ్జ్ మోటారు సైకిలు మీద వెళ్ళటం చూశారట. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పరుగెడుతోంది! ఇంకేముంది, ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వరుగా కుదిరారు. పైసా పైసా కూడబెట్టి చివరికి అటువంటి బండే కొన్నారు. కొన్నది ఊరేగటానికి కాదు. ఏ ముక్కకాముక్క విప్పేసి, మళ్ళీ బిగించి, అది ఎందుకు నడుస్తుందో తెలుసుకున్నారు. మన వర్క్‌షాపులో ఇంజను విప్పటానికి రికార్డు పుస్తకం, సంతకం, అటెండరు అన్నీ కావాలి. ఆయనకు ఒక స్పానరు చాలింది.

తరువాత పత్తి వ్యాపారం. కొంత గడించారు, బొంబాయి వెళ్ళి అదంతా పోగొట్టుకున్నారు. ఆ ఘట్టాన్ని ఇంతటితో వదిలేస్తాను. అసలు కథ 1920లో మొదలవుతుంది.

కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త ఉండేవాడు. ఆయన సాయంతో నాయుడుగారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి నుంచి పళనికి తానే డ్రైవరుగా తోలారు. ఒక్క బస్సు నాలుగైంది, నాలుగు నలభై అయ్యాయి. 1933 నాటికి ఆయన యూనివర్సల్ మోటార్ సర్వీసులో 280 బస్సులు తిరుగుతున్నాయి. దేశంలో అంత పద్ధతిగా నడిచిన రవాణా సంస్థలు అప్పట్లో వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నన్ను అడిగితే ఆయన ప్రజ్ఞ అంతా రేజర్లలోనూ రేడియోల్లోనూ కాదు, ఇక్కడే ఉంది. బస్సు వేళకు రావాలంటే ఇంజను ఒక్కటి బాగుంటే సరిపోదు. రేడియేటరు, టైరు, టిక్కెట్టు, కండక్టరు, డిపో అన్నీ ఒకదానికొకటి అతకాలి. రేడియేటర్లకు సొంత ఫ్యాక్టరీయే పెట్టారు. కారు సంగతికి వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

బస్సులు బాగా నడుస్తున్నాయి గదా అని మరొకరైతే కాలుమీద కాలేసుకు కూర్చునేవారు. ఈయన జర్మనీ వెళ్ళారు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారు పెట్టి రాసంట్ అనే ఎలక్ట్రిక్ రేజరు తయారుచేశారు. పలచని షేవింగ్ బ్లేడ్లు, పళ్ళరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి వీలులేని ఓటింగు యంత్రం - జాబితా చాలా పెద్దది, అంతా ఇక్కడ ఏకరువు పెట్టను. ఓటింగు యంత్రం కనిపెట్టిన మనిషి 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయారన్నది మాత్రం చెప్పకుండా ఉండలేను! 1937లో పీళమేడులోని ఆయన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుంచి దేశవాళీ ఎలక్ట్రిక్ మోటారు వెలువడింది. అందులో డి. బాలసుందరం నాయుడుగారి కృషి ఎంతో ఉంది. ఈనాడు కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ పేరుమోసిన ఊరయిందంటే పునాదిరాళ్ళలో అదొకటి. 1941లో అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకే చేసివ్వగలనని ప్రకటించారు. చవకగా చేయటం ఆయనకొక వ్యసనం.

విద్యార్థి మిత్రులు శ్రద్ధగా చదవవలసిన ఘట్టం ఒకటుంది. 1945లో మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్కూ ఇంజనీరింగు కాలేజీ వెలిశాయి. వెనకనున్న చెయ్యి, ఇచ్చిన డబ్బు నాయుడుగారివే, ప్రిన్సిపాలూ ఆయనే. బడి మానేసిన మనిషి ఇంజనీరింగు కాలేజీకి ప్రిన్సిపాలు! నాలుగేళ్ళ కోర్సు కాలహరణమనీ, రెండేళ్ళలో అంతా నేర్పవచ్చనీ ఆయన వాదం. ప్రభుత్వం ససేమిరా అంది. ఆయన రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. ఇది చదివి మా అబ్బాయిలు రేపటినుంచి సెలబస్ సగానికి తగ్గించమని సమ్మె కడతారేమో! రెండేళ్ళ వాదాన్ని నేను ఒప్పుకోను. లెక్కలు రాకుండా మోటారు విప్పేవాడు మంచి మెకానిక్కు అవుతాడు, నాయుడుగారు కావటానికి మాత్రం ఆయన బుర్ర కావాలి. కాని నాలుగేళ్ళు చదివి, పట్టా పుచ్చుకుని, గేర్ బాక్సు మూత తియ్యని వాళ్ళను ఏటా చూస్తున్నాను. ఆయన కోపం ఎక్కడిదో నాకు తెలుసు.

ఇక కారు. 1952లో ఆయన ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేసి బయటికి తెచ్చారు. ధర రెండువేల రూపాయలు. చిన్న ఉద్యోగస్థుడు కూడా అప్పోసప్పో చేసి కొనుక్కోగలడన్నది ఆ లెక్క. ప్రభుత్వం ఉత్పత్తికి లైసెన్సు ఇవ్వలేదు. కారు నమూనాగానే మిగిలిపోయింది. అప్పటికి పరిశ్రమల నియంత్రణ చట్టం అమలులోకి వచ్చింది. ఏ వస్తువు ఎవరు చెయ్యాలో, ఎన్ని చెయ్యాలో ఢిల్లీలో నిర్ణయమయ్యే రోజులవి.

ప్రభుత్వం గుడ్డిదని ఒక్కమాటలో తేల్చెయ్యటం తేలిక. నేను అంత తేలిగ్గా అనలేను. ఒక కారు చెయ్యటం వేరు, పదివేల కార్లు చెయ్యటం వేరు. ఒక్కదాన్ని మంచి ఫిట్టరు సుత్తితో సరిచేసుకుంటాడు. పదివేలకు డైలు కావాలి, ప్రెస్సులు కావాలి, ఉక్కు కావాలి, వాటికి విదేశీమారకం కావాలి. ఆ రోజుల్లో ఉక్కూ లేదు, మారకమూ లేదు. ఉన్నది ఆనకట్టలకూ రైళ్ళకూ ముందు వెళ్ళాలనటం అన్యాయమేం కాదు. ఆ రెండువేల ధర కూడా ఉత్పత్తిలోకి వెళ్ళాక నిలిచేదని ఎవరు పూచీ పడగలరు? టాటావారి నానో 2008లో లక్ష రూపాయల కారుగా లోకానికి కనిపించింది. అంత పెద్ద కంపెనీ చేతిలో కూడా 2018లో ఆగిపోయింది. చవకగా ఉన్నంతమాత్రాన జనం కొనరు.

అయినా మనసు ఒప్పదు. ఎందుకంటే ఈయన కాగితం మీద బొమ్మగీసి లైసెన్సు అడిగిన మనిషి కాదు. 280 బస్సులు నడిపి, రేడియేటర్లు పోతపోయించి, మోటార్లు చుట్టించి, కారు చేసి చూపించి అడిగారు. 1970లో సంజయ్ గాంధీకి చిన్నకారు అనుమతి దొరికింది. జనం కొనుక్కునే కార్లు రాకుండానే ఆ కంపెనీ మూతపడింది. ఆయన పోయాక ప్రభుత్వమే జపానువాళ్ళతో కలిసి 1983 డిసెంబరులో మారుతి 800 తెచ్చింది. ధర యాభైవేలకు అటూ ఇటూ. అంటే చిన్నకారు కోసం సామాన్యుడు మరో ముప్ఫైయేళ్ళు ఆగాడు. నాయుడుగారి కారు నెగ్గేదో ఓడేదో, ఆ పరీక్ష రోడ్డు మీద జరగవలసింది. ఫైలులో జరిగింది.

ఆయన 1974 జనవరి 4న పోయారు. అవినాశి రోడ్డులో ఆయన సంస్థ ఆవరణలో యంత్రాల ప్రదర్శన ఉంది. 2015లో దానికి తోడు కార్ల మ్యూజియం కూడా తెరిచారు. మేము కొందరు విద్యార్థుల్ని తీసుకువెళ్ళాం. లోపల రకరకాల దేశాల పాతకార్లు కొత్తపెళ్ళికొడుకుల్లా మెరుస్తున్నాయి. మావాళ్ళు ఎక్కువసేపు నిలబడింది మాత్రం వాటి ముందు కాదు, కోసి లోపలి భాగాలు కనిపించేట్టు పెట్టిన ఇంజన్ల ముందు. నాకదే సంతోషం.

2025 అక్టోబరులో అదే రోడ్డు మీద పది కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవరు తెరిచి ఆయన పేరు పెట్టారు. వీధుల పేర్లలో కులం పేర్లు తీసెయ్యాలని ఉత్తర్వు ఇచ్చిన ప్రభుత్వమే నాయుడు అని ఎలా పెట్టిందని పేచీ కూడా లేచింది. ఆ ఫ్లైఓవరు కింద హోప్ కాలేజీ అనే బస్‌స్టాపు ఉంది. నాయుడుగారు రాజీనామా ఇచ్చిన కాలేజీ పేరే అది. బస్సు కండక్టర్లు రోజూ ఆ పేరు కేకేస్తూనే ఉంటారు.